ఎత్తు పెంచిన ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం ఎందుకు అదురుతుంది? ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాల లెక్క ఇదీ

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనానికి పొడవైన స్ప్రింగులు అమర్చి ఎత్తు పెంచుకోవడం ఒక్క రోజు పని. ఆ తర్వాత రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటగానే కాళ్ల కింద మొదలయ్యే అదురును వదిలించుకోవడానికి మాత్రం కొందరు యజమానులు నెలల తరబడి వర్క్‌షాపుల చుట్టూ తిరుగుతుంటారు. టైర్లకు బ్యాలెన్సింగ్ చేయిస్తారు, జాయింట్ క్రాసులు మార్పిస్తారు, ఇంజిన్ మౌంటింగులు కొత్తవి వేయిస్తారు. అయినా అదురు తగ్గదు. అలాంటి వాహనాల్లో చాలావాటిలో చెడిపోయిన భాగమంటూ ఏదీ ఉండదు. మారినది భాగాల మధ్య ఉన్న కోణం.

ఈ అదురు కేవలం అసౌకర్యం కాదు. దాన్ని పట్టించుకోకుండా నడిపితే జాయింట్లలోని సూది బేరింగులు అరిగిపోతాయి, ఆయిల్ సీళ్లు కారుతాయి, ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగులు దెబ్బతింటాయి. వేగంలో ఉన్నప్పుడు జాయింట్ విరిగి షాఫ్ట్ ఊడితే ప్రాణాపాయం. కొలతలు తీసుకుని, లెక్క తెలుసుకుని సరిచేస్తే మాత్రం ఇది పరిష్కారమయ్యే సమస్యే.

షాఫ్ట్ చేసే పని ఏమిటి?

ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు, అక్కడి నుంచి ముందు, వెనుక ఇరుసులకు చేరుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసును ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌తో కలిపే ఉక్కు గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్. దీన్నే డ్రైవ్ షాఫ్ట్ అనీ అంటారు. షాఫ్ట్ తెచ్చిన శక్తిని డిఫరెన్షియల్‌లోకి అందించే చిన్న పళ్ల చక్రం పినియన్.

ట్రాన్స్‌ఫర్ కేసు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. ఇరుసు మాత్రం గతుకుల వెంట పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. కదలని దానికీ కదిలే దానికీ మధ్య శక్తిని చేరవేయాలి కాబట్టి షాఫ్ట్ రెండు కొసల్లోనూ యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. కూడిక గుర్తు ఆకారంలోని క్రాసు, దాని నాలుగు కొసలకూ సూది బేరింగులు నిండిన కప్పులు, వాటిని పట్టి ఉంచే రెండు యోకులు. జాయింటు నిర్మాణమంతా ఇంతే.

ఈ జాయింటుకు 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త జెరోలామో కార్డానో పేరు మీద కార్డాన్ జాయింట్ అనే పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ దీన్ని అధ్యయనం చేయడంతో హుక్ జాయింట్ అని కూడా పిలుస్తారు. అమెరికాకు చెందిన క్లారెన్స్ స్పైసర్ 1903లో మోటారు వాహనాలకు పనికివచ్చే యూనివర్సల్ జాయింటుపై పేటెంటు పొందారు. మౌలిక సూత్రం నేటికీ అదే. అందులోని సహజ లోపమూ అదే.

ఒక తిప్పుకు రెండు కుదుపులు

వంగి ఉన్న యూనివర్సల్ జాయింటులోకి వచ్చే భ్రమణం నిలకడగా ఉన్నా, బయటికి వెళ్లే భ్రమణం నిలకడగా ఉండదు. ప్రతి తిప్పులోనూ అది రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు నెమ్మదిస్తుంది. ఎంత హెచ్చుతగ్గు అన్నది కోణాన్ని బట్టి ఉంటుంది. నిమిషానికి 1,000 తిప్పుల వేగంతో శక్తి వస్తోందనుకుంటే, 3 డిగ్రీల కోణం వద్ద అవతలి వైపు వేగం 999, 1,001 మధ్య ఊగుతుంది. 10 డిగ్రీల వద్ద 985, 1,015 మధ్య, 20 డిగ్రీల వద్ద 940, 1,064 మధ్య ఊగుతుంది. కోణం రెట్టింపైతే హెచ్చుతగ్గు దాదాపు నాలుగు రెట్లవుతుందన్నది ఇక్కడ గమనించవలసిన అంశం.

ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికే షాఫ్ట్‌కు రెండో కొసన మరో జాయింటును పెడతారు. మొదటి జాయింటు కలిగించిన హెచ్చుతగ్గును రెండోది సరిగ్గా వ్యతిరేక దిశలో సరిచేస్తే పినియన్‌కు నిలకడైన భ్రమణం అందుతుంది. అందుకు రెండు షరతులున్నాయి. ఒకటి, షాఫ్ట్ రెండు కొసల్లోని యోకులు ఒకే తలంలో ఉండాలి. రెండు, ఆ రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండాలి. తేడా 1 డిగ్రీకి మించకూడదన్నది తయారీదారులు సాధారణంగా పాటించే నియమం.

కోణాలు సమానమైతే చాలు, ఎంత పెద్దవైనా ఫరవాలేదనుకోవడం పొరపాటు. రెండో జాయింటు పినియన్‌ను కాపాడుతుంది గానీ, రెండింటి మధ్యనున్న షాఫ్ట్ మాత్రం ప్రతి తిప్పులోనూ రెండుసార్లు ఉరుకుతూ, రెండుసార్లు తగ్గుతూనే తిరుగుతుంది. ఆ బరువైన గొట్టం కుదుపులే వాహనమంతటా పాకుతాయి. అందుకే కోణాలు సమానంగా ఉండటంతో పాటు తక్కువగానూ ఉండాలి. వేగం పెరిగే కొద్దీ అనుమతించదగిన కోణం తగ్గుతుంది. స్పైసర్ పట్టికల ప్రకారం షాఫ్ట్ నిమిషానికి 2,000 తిప్పులు తిరిగేటప్పుడు జాయింట్ కోణం సుమారు 8.7 డిగ్రీలు, 3,000 వద్ద 5.8 డిగ్రీలు, 5,000 వద్ద 3.25 డిగ్రీలు దాటకూడదు. మరోవైపు కోణం పూర్తిగా సున్నా కావడమూ మంచిది కాదు. కనీసం అర డిగ్రీ లేకపోతే సూదులు దొర్లకుండా ఒకేచోట ఒత్తుకుని క్రాసు మీద గాట్లు పడతాయి.

ఎత్తు పెంచితే ఏం మారుతుంది?

అన్ని రకాల ఎత్తు పెంపులూ ఒకటి కావు. పెద్ద టైర్లు వేస్తే వాహనమంతా కలిసి లేస్తుంది, కోణాలు మారవు. ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే లేపినా షాఫ్ట్ కోణం మారదు. స్ప్రింగుల ద్వారా ఛాసిస్‌ను లేపినప్పుడే చిక్కు వస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు పైకి వెళుతుంది, ఇరుసు నేల దగ్గరే ఉంటుంది, వాటిని కలిపే షాఫ్ట్ మరింత ఏటవాలుగా నిలబడుతుంది.

షాఫ్ట్ ఎంత పొట్టిదైతే మార్పు అంత తీవ్రం. 1,400 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఉన్న వాహనాన్ని 50 మిల్లీమీటర్లు లేపితే వాలు సుమారు 2 డిగ్రీలు పెరుగుతుంది. షాఫ్ట్ 800 మిల్లీమీటర్లే అయితే అదే ఎత్తుకు సుమారు 3.6 డిగ్రీలు పెరుగుతుంది. 1985లో మన దేశంలో విడుదలైన మారుతి జిప్సీ ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. మూడు తలుపుల మహీంద్రా థార్‌కు ఇది 2,450, ఐదు తలుపుల జిమ్నీకి 2,590 మిల్లీమీటర్లు. ఇలాంటి పొట్టి వాహనాల్లో షాఫ్ట్‌కు చోటు తక్కువ కాబట్టి కొద్దిపాటి ఎత్తు కూడా ఎక్కువ కోణమై కూర్చుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ వంటి పొడవైన పికప్‌ల తీరు వేరు. ఇలాంటి పికప్‌లలో షాఫ్ట్‌ను తరచుగా రెండు ముక్కలుగా చేసి మధ్యలో సెంటర్ బేరింగుతో ఛాసిస్‌కు వేలాడదీస్తారు. వెనుక భాగాన్ని లేపినప్పుడు ఆ బేరింగు దగ్గరి జాయింటు మీద భారం పడుతుంది. ఆగి ఉన్న బండి బయలుదేరే సమయంలోనే వణుకు వస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ముందు ఇరుసులోనూ తేడా ఉంది. కొత్త థార్‌కు, వీ-క్రాస్‌కు ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. అందువల్ల ఎత్తు పెంచినా ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారదు. భారమంతా చక్రాలకు వెళ్లే చిన్న యాక్సిల్ షాఫ్టుల మీద పడి, వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి. జిప్సీ, జిమ్నీ వంటి వాటికి ముందూ వెనుకా అఖండ ఇరుసులు ఉండటంతో రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల కోణాలూ మారతాయి.

అదురు షాఫ్ట్‌దేనా?

కోణాలు కొలిచే ముందు అదురు మూలం తెలుసుకోవాలి. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ వేగం పెంచినా అదురు వస్తే అది ఇంజిన్ లేదా మౌంటింగుల సమస్య. గేరు ఏదైనా సరే, రహదారి మీద ఒకే వేగం దగ్గర అదురు వస్తే టైర్లు గానీ షాఫ్ట్ గానీ కారణం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు మరోలా ఉంటే జాయింట్ కోణాల వైపు చూడాలి.

అదురు ఎంత వేగంగా వస్తోందన్నది మరో ఆనవాలు. 31 అంగుళాల టైరు, 4:1 డిఫరెన్షియల్ నిష్పత్తి ఉన్న వాహనం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు టైరు సెకనుకు సుమారు 9 సార్లు, షాఫ్ట్ 36 సార్లు తిరుగుతాయి. టైరు లోపం సెకనుకు 9 కుదుపులుగా, స్టీరింగులోనో సీటులోనో తెలుస్తుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 36 కుదుపులు. కోణాల లోపమైతే తిప్పుకు రెండు చొప్పున 72 కుదుపులు. ఇది ఊపులా కాక, నేల కింద గుయ్యిమనే హోరులా వినిపిస్తుంది. ఫోన్‌లో కంపనాలను కొలిచే యాప్ ఉంటే ఈ తేడా సులభంగా బయటపడుతుంది.

అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే వాహనాల్లో ముందు షాఫ్ట్‌ను విప్పి, వెనుక చక్రాల మీదే నడిపి చూడవచ్చు. అదురు పోతే దోషం ముందు షాఫ్ట్‌లో ఉన్నట్టు. జాయింట్ల పరిస్థితినీ చూడాలి. చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్ట్‌ను చేత్తో మెలిపెడితే క్రాసులో వదులు తెలుస్తుంది. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా, నెమ్మదిగా వెళ్లేటప్పుడు కిచకిచ శబ్దం వచ్చినా గ్రీజు ఎండిపోయినట్టే. అరిగిన జాయింటును ఉంచుకుని కోణాలు సరిచేయడం వృథా.

కొలవడం ఎలా?

అయస్కాంతంతో అతుక్కునే చిన్న డిజిటల్ కోణమానిని చాలు. వాహనం చదునైన నేల మీద, తన చక్రాల మీద తాను నిలబడి ఉండాలి. జాకీ మీద లేపి ఇరుసు వేలాడుతుండగా తీసిన కొలతలు పనికిరావు. రోజూ మోసే సామాను కూడా అందులోనే ఉండటం మేలు.

మూడు వాలులు కొలవాలి. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి బయటికి వచ్చే ఫ్లాంజ్ వాలు, షాఫ్ట్ గొట్టం వాలు, పినియన్ ఫ్లాంజ్ వాలు. ఫ్లాంజ్ ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి దాని మీద చూపే అంకె 90 నుంచి ఎంత తేడాగా ఉందో అదే వాలు. మొదటి రెండింటి తేడా పై జాయింట్ కోణం. చివరి రెండింటి తేడా కింది జాయింట్ కోణం.

ఒక ఉదాహరణ చూద్దాం. 800 మిల్లీమీటర్ల వెనుక షాఫ్ట్ ఉన్న వాహనంలో ట్రాన్స్‌ఫర్ కేసు, పినియన్ రెండూ వెనక్కి 3 డిగ్రీల వాలుతో సమాంతరంగా ఉన్నాయి. షాఫ్ట్ వాలు 8 డిగ్రీలు. రెండు జాయింట్ల కోణమూ 5 డిగ్రీలే. 31 అంగుళాల టైర్ల లెక్కన గంటకు 110 కిలోమీటర్ల వద్ద షాఫ్ట్ నిమిషానికి దాదాపు 3,000 తిప్పులు తిరుగుతుంది. అక్కడి హద్దు 5.8 డిగ్రీలు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు వాహనాన్ని 50 మిల్లీమీటర్లు లేపితే షాఫ్ట్ వాలు 11.5కు, జాయింట్ కోణాలు 8.5కు చేరతాయి. 70 వేగం వరకు నిశ్శబ్దంగా ఉండి, రహదారి ఎక్కగానే అదురు మొదలవుతుంది. 100 మిల్లీమీటర్లు లేపితే షాఫ్ట్ వాలు సుమారు 15, జాయింట్ కోణాలు 12 డిగ్రీలు. రెండూ సమానమే అయినా ఏ రహదారి వేగానికీ ఇవి తగవు.

సరిచేసే మార్గాలు, వాటి ఖరీదు

లీఫ్ స్ప్రింగులు, అంటే కమాన్ పట్టీలు ఉన్న వాహనాల్లో పట్టీకీ ఇరుసుకూ మధ్య చీలిక ఆకారపు ఉక్కు పలక పెట్టి పినియన్ వాలును మార్చవచ్చు. పట్టీ ఇరుసుకు పైన ఉండే వెనుక ఇరుసులో పలక మందపు వైపు వెనక్కి ఉంటే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. పట్టీ ఇరుసుకు కింద ఉంటే మందపు వైపు ముందుకు ఉండాలి. అల్యూమినియం పలకలు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఉక్కువే వాడాలి. సెంటర్ బోల్టు తగినంత పొడవుగా ఉండాలి, యూ బోల్టులు కొత్తవి వేయాలి.

కాయిల్ స్ప్రింగులు ఉన్న ఇరుసును చేతుల్లాంటి కడ్డీలు పట్టి ఉంచుతాయి. ఎత్తు పెంచగానే ఆ కడ్డీలు ఇరుసును కొంత తిప్పేస్తాయి కాబట్టి ఉన్న సమాంతరత కూడా పోతుంది. పొడవు సర్దుకునే కడ్డీలు అమర్చి పినియన్‌ను తిరిగి సరైన వాలుకు తేవాలి.

ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. పినియన్ ముక్కును నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు వైపు గురిపెడితే అదురు పోతుందని కొందరు నమ్ముతారు. రెండు మామూలు జాయింట్లున్న షాఫ్ట్‌కు అది పూర్తిగా విరుద్ధం. పై ఉదాహరణలో అలా చేస్తే పై జాయింట్ 12 డిగ్రీలు, కింది జాయింట్ సున్నా అవుతాయి. మొదటి దాని హెచ్చుతగ్గును సరిచేసేది లేక అదురు మరింత పెరుగుతుంది. ఆ షాఫ్ట్‌కు ట్రాన్స్‌ఫర్ కేసు, పినియన్ సమాంతరంగానే ఉండాలి.

పినియన్‌ను గురిపెట్టడం సరైనది డబుల్ కార్డాన్ షాఫ్ట్‌కు మాత్రమే. ఇందులో పై కొసన రెండు జాయింట్లు పక్కపక్కనే ఉండి కోణాన్ని చెరి సగం పంచుకుంటాయి. 12 డిగ్రీలు 6, 6గా విడిపోయి, హెచ్చుతగ్గు అక్కడికక్కడే రద్దవుతుంది. అందుకే కింది జాయింటు దాదాపు నిటారుగా ఉండాలి. ఎక్కువ ఎత్తు పెంచిన పొట్టి వాహనాలకు ఇదే నికరమైన మార్గం గానీ ఖర్చు ఎక్కువ. పినియన్ ముక్కు బాగా పైకి లేస్తే దాని ముందు బేరింగుకు ఆయిల్ అందడం తగ్గుతుందన్న సంగతీ మరువరాదు.

ఏ షాఫ్ట్ అయినా సరే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు కొద్దిగా పైకి లేస్తుంది. కమాన్ పట్టీలు మెలితిరగడం వల్ల ఇది మరీ ఎక్కువ. అందుకే నిలబడి ఉన్నప్పుడు పినియన్‌ను లెక్కకు వచ్చిన దానికంటే 1 నుంచి 2 డిగ్రీలు కిందికి ఉంచుతారు.

ట్రాన్స్‌ఫర్ కేసును పట్టి ఉంచే క్రాస్ మెంబర్‌కు దిమ్మెలు పెట్టి కిందికి దించడం చవకైన ఉపాయం. దానివల్ల వెనుక కోణం తగ్గుతుంది. అయితే ఎత్తు పెంచి సంపాదించిన జాగాలో కొంత బండి నడుమ కింద పోతుంది. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న పికప్‌లలో సెంటర్ బేరింగును కొన్ని మిల్లీమీటర్లు దించితే తరచుగా సరిపోతుంది. ఎంత దించాలన్నది కొలతే చెప్పాలి.

ముందు అఖండ ఇరుసులో రాజీ తప్పదు. ఎత్తు పెంచగానే స్టీరింగు తనంతట తాను నేరుగా నిలవడానికి తోడ్పడే క్యాస్టర్ కోణం తగ్గి బండి రోడ్డు మీద తచ్చాడుతుంది. క్యాస్టర్‌ను పెంచడానికి ఇరుసును తిప్పితే పినియన్ ముక్కు కిందికి దిగి షాఫ్ట్ కోణం పెరుగుతుంది. అలాంటప్పుడు స్టీరింగు నిలకడకే పెద్దపీట వేయాలి. ముందు షాఫ్ట్‌కు డబుల్ కార్డాన్ జాయింటు వేయడమో, ఎత్తు తగ్గించుకోవడమో చేయాలి.

పొడవు, గుర్తులు, గొట్టాలు

ఇరుసు దూరం జరిగినప్పుడు షాఫ్ట్ మధ్యలో జారే స్ప్లైన్ భాగం బయటికి సాగుతుంది. అది మరీ కొద్దిగా పట్టుకుని ఉంటే పెద్ద గుంటలో చక్రం వేలాడినప్పుడు ఊడిపోవచ్చు. ఇరుసును పూర్తిగా కిందికి వదిలి ఒకసారి, పూర్తిగా పైకి నొక్కి ఒకసారి కొలిచి, రెండు స్థితుల్లోనూ జాగా ఉందో లేదో చూడాలి. షాఫ్ట్ విప్పేముందు రెండు భాగాల మీదా సుద్దతోనో పెయింటుతోనో గీత గీయాలి. ఒక్క పన్ను తేడాతో తిరిగి బిగించినా యోకులు ఒకే తలంలో ఉండవు. అప్పుడు కోణాలు ఎంత కచ్చితంగా ఉన్నా అదురు పోదు. పొడవు మార్పించిన షాఫ్ట్‌ను యంత్రం మీద బ్యాలెన్స్ చేయించకుండా బిగించకూడదు. బ్రేకు గొట్టాలు, చక్రాల సెన్సర్ తీగలు సాగి బిగుసుకుపోలేదని నిర్ధారించుకోవాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. తయారీదారు ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. వారంటీ, బీమా క్లెయిముల విషయంలోనూ చిక్కులు రావచ్చు. కాబట్టి ప్రజా రహదారి మీద తిరిగే వాహనం విషయంలో రవాణా శాఖను, బీమా సంస్థను ముందే సంప్రదించడం అవసరం.

ఎంత ఎత్తు చాలు?

అడవి బాటలో రాయి తగలకుండా చూసేవి చాలావరకు టైర్లే. ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ నేలకు ఎంత ఎత్తున ఉందో నిర్ణయించేది టైరు పరిమాణం. స్ప్రింగులను ఎంత పెంచినా అఖండ ఇరుసు మాత్రం అంగుళం కూడా లేవదు. ఈ వాస్తవాన్ని దృష్టిలో పెట్టుకుంటే, కావలసిన టైరు ఫెండరుకు తగలకుండా తిరగడానికి ఎంత అవసరమో అంతవరకే ఎత్తు పెంచడం వివేకం. స్ప్రింగులు మార్చే ముందే మూడు వాలులనూ కొలిచి కాగితం మీద రాసి ఉంచుకుంటే, తర్వాత అదురు వచ్చినప్పుడు ఏది ఎంత మారిందో ఊహించవలసిన పని ఉండదు. ఆ కొలతకు పట్టేది పది నిమిషాలు, కావలసింది ఒక కోణమానిని మాత్రమే.